దీవెనకు లేవని చేతులు

పాల కంపెనీ గేటు ముందు లారీ సిద్ధంగా నిలబడింది. ఆవరణలో గొర్రెను కోశారు. బల్లమీద నూనెలో వేయించిన పిండిముక్కలు, వేడివేడి బోర్సోకులు గుట్టగా పోశారు. కొండమీది బడిపిల్లలకు తన పెరుగు మొదటిసారి వెళ్తున్న రోజని యజమాని తోలోన్ ఊరి పెద్దలందరినీ పిలిచాడు. ఆ ఆర్డరు కోసం ఏళ్ల తరబడి రాజధాని బిష్కెక్‌లో కాళ్లరిగేలా తిరిగాడు మరి.

చిక్కంతా ఆ పెరుగులోనే ఉంది. రాత్రి కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది, చల్లగా ఉండాల్సిన గది తెల్లారేదాకా వెచ్చగానే ఉండిపోయింది. పరీక్ష ఫలితం రేపటికిగానీ రాదు. అది వచ్చేదాకా ఒక్క డబ్బా కూడా గేటు దాటకూడదన్నది కంపెనీ నియమం. నియమాలు తప్పకుండా చూడడమే కెంజెగుల్ ఉద్యోగం. ఆమెను ఏరికోరి పెట్టుకున్నదీ, "నేను తప్పుచేస్తే ముందు నన్నే ఆపాలి" అని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నదీ తోలోనే. అలాంటి మాటలు చెప్పడానికి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

"మన అమ్మమ్మలు పెరుగును ఏ ఫ్రిజ్జులో పెట్టారు తల్లీ?" అన్నాడు తోలోన్, ఆమెను గోడవారకు పిలిచి.

"మన అమ్మమ్మలు బడులన్నిటికీ పంపలేదన్నా. ఒక్కరోజు ఆగుదాం."

"ఆగితే ఆర్డరు పోతుంది. పోయాక నీకూ నాకూ గడ్డే గతి." గొంతు తగ్గించాడు. "బిష్కెక్ వాళ్లు సాయంత్రం ఫోన్ చేస్తారు, నీ గురించి అడగడానికి. ఏం చెప్పమంటావ్?"

రాజధానిలో పెద్ద కంపెనీ, కెంజెగుల్ కలలు కన్న ఉద్యోగం. తోలోన్ ఒక్క మంచి మాట చెబితే చాలు, వచ్చినట్టే. చెడ్డ మాట చెబితే ఇక ఆ గుమ్మం కూడా తొక్కనివ్వరు.

ఆమె జవాబు కోసం అతడు ఆగలేదు. బల్ల దగ్గరికి వెళ్లి, తండ్రి బోరుబాయ్ తాత పక్కన కూర్చుని గట్టిగా అన్నాడు: "నాన్నా, దీవెన ఇవ్వు. బండి బయల్దేరాలి."

ఎంత తెలివి! పెద్దల దీవెన లేకుండా డ్రైవరు మెడెర్ కనుమ ఎక్కడు. పెద్దాయన చేతులు చాపాక ఎంత మొండివాళ్లైనా అరచేతులు తెరిచి కూర్చోవాల్సిందే. ఆమీన్ అని ముఖం తడుముకున్నాక ఇక ఆ పనికి అడ్డుచెప్పేవాళ్లు ఉండరు. ఆ సంగతి తోలోన్‌కు బాగా తెలుసు.

బోరుబాయ్ తాత తెల్లటోపీ సర్దుకుని వణికే చేతులు చాపాడు. బల్ల చుట్టూ అరచేతులన్నీ తెరుచుకున్నాయి. వంటవాళ్లు గరిటెలు పక్కన పెట్టారు. మెడెర్ సిగరెట్టు ఆర్పేశాడు.

బల్ల చివర కూర్చున్న కెంజెగుల్ చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. తన చేతులే తనకు బరువనిపించాయి. పక్కనున్న ముసలమ్మ మోచేత్తో పొడిచింది. "ఎత్తవే పిల్లా! మతి పోయిందా?"

ఎత్తలేదు.

తాత నోట దీవెన రాకముందే ఆయన చూపు ఆమె మీద ఆగింది. "ఏమ్మా, నా దీవెన నీకు చేదయిందా?"

"లేదు తాతా. ఆ బండికి ఇవ్వొద్దంటున్నాను. రాత్రంతా పెరుగు వెచ్చగా ఉండిపోయింది. మంచిదో కాదో ఇంకా తెలీదు."

తాత కొడుకువైపు తిరిగాడు. "నిజమేనా?"

"నాన్నా, ఇవన్నీ ఆఫీసు విషయాలు..."

"నిజమేనా అని అడిగాను."

తోలోన్ చూపు తప్పించి లారీవైపు చూశాడు. తాత చేతులు మెల్లగా మోకాళ్ల మీదికి దిగాయి. వాటి వెంటే ముసలమ్మవి, వంటవాళ్లవి. మెడెర్ లారీ దగ్గరికి వెళ్లి తాళం చెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"దీవెన లేందే నేను కనుమ ఎక్కనన్నా. తిట్టినా సరే."

తోలోన్ అరచేతులు మాత్రమే ఇంకా గాలిలో ఉన్నాయి, అడుక్కుంటున్నట్టు. ముఖం తడుముకుందామంటే ఆమీన్ అన్నవాళ్లు లేరు. వాటినేం చేసుకోవాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాడు. చూడలేక కెంజెగుల్ తల దించుకుంది. తోలోనంటే ఆమెకు ఇష్టం, అదే ఆమె బాధ.

చివరికి లేచాడు. లారీ వెనక తలుపు తానే తెరిచాడు. "దించండి," అన్నాడు బొంగురుగా. మొదటి పెట్టె తనే భుజానికెత్తుకున్నాడు.

ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "బిష్కెక్ వాళ్లకు చెబుతాను. నిన్ను ఇవ్వనని."

"కోపమా అన్నా?"

"చచ్చేంత కోపం." పెట్టె భుజం మార్చుకున్నాడు. "నువ్వు వెళ్తే రేపు నన్నెవరు ఆపుతారు?"

అది శిక్షో మెప్పో ఆమెకు అర్థం కాలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్లి రెండో పెట్టె అందుకుంది.