పద్నాలుగు రోజుల గీత

రంగుల షాపాయనకు ఒక పట్టుదల ఉంది. కలిపిన రంగును లోపలి బల్బు కింద చూసి ఎవరైనా "సరిపోయింది" అంటే ఒప్పుకోడు. చెక్కముక్క మీద పూసి, ఆరబెట్టి, కొనేవాణ్ణి గడప దాకా నడిపించి పగటి వెలుగులో చూపిస్తాడు. ఆ కాస్త నడకకు బద్ధకిస్తే గోడంతా మళ్ళీ వేయాల్సి వస్తుందని ఆయన లెక్క.

అంతటి మనిషి ఆ మధ్యాహ్నం గల్లాపెట్టె వెనక కంప్యూటరుకు అతుక్కుపోయి కూర్చున్నాడు. పక్కన బావమరిది. తెర మీద బ్యాంకులు, బీమా కంపెనీల షేర్లు కలిపి ఒక్క మూటగా అమ్మే ఈటీఎఫ్. కొనాలనుకున్నది భార్య డబ్బుతో. పక్క గది అద్దెకు తీసుకుని కుట్టుమిషన్లు పెట్టుకోవాలని ఆమె ఏళ్ల తరబడి కూడబెట్టింది. గది ఖాళీ కావడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోగా డబ్బు ఊరికే పడుకోవడం ఎందుకని ఈయన ఆలోచన.

"ధర చూడు బావా, నిచ్చెనెక్కినట్టు ఎక్కుతోంది," అన్నాడు బావమరిది.

"ధర సరే. ఊపేదీ?"

ఊపును కొలిచే గీత ధర కిందే ఉంది. ఆర్‌ఎస్‌ఐ అంటారు. గడిచిన పద్నాలుగు రోజుల పెరుగుదలనూ తరుగుదలనూ తూచి చెబుతుంది. ధర కొత్త ఎత్తు తాకినప్పుడల్లా ఆ గీత మాత్రం తన వెనకటి ఎత్తు అందుకోలేక చతికిలపడుతోంది, మెట్లెక్కుతూ ఆయాసపడే మనిషిలా. అలా జరిగితే ధర ఎప్పుడైనా దిగొచ్చని హెచ్చరిక.

"ఆ పద్నాలుగు తీసేసి తొమ్మిది పెట్టు," అన్నాడాయన.

గీత కాస్త లేచింది.

"ఐదు పెట్టి చూడు."

గీత గంతేసింది. ఇద్దరి మొహాలూ వెలిగాయి.

టీ పట్టుకొచ్చిన భార్య వెనకే నిలబడి ఇదంతా చూసింది.

"ఆ అంకె ఎందుకు మారుస్తున్నారు?"

"మనకు సరిపడేది వెతుకుతున్నాం," అన్నాడు నోరు జారి.

"ఓహో! నిన్న ఒకాయన చెక్కముక్కని ఆ బల్బు కిందా ఈ బల్బు కిందా తిప్పుతుంటే, రంగు నచ్చకపోతే దీపాలు మారుస్తావేంటయ్యా అని కసిరారుగా. మీకైతే ఎన్ని బల్బులైనా చెల్లుతాయి కాబోలు."

బావమరిది పకపకా నవ్వాడు. "దొరికిపోయావు బావా!"

"నువ్వు నోర్మూసుకుని టీ తాగరా," అంది అక్క.

ఆయన నవ్వలేదు. కొందామని ముందే తీర్మానించుకుని, ఔననిపించుకోవడానికి గీతను సతాయిస్తున్నాడు. తన డబ్బైతే ఐదే ఉంచేసేవాడేమో కూడా. పద్నాలుగు మళ్ళీ పెట్టాడు. గీత నీరసంగా వాలింది.

"వద్దులే. నీ డబ్బు నీ దగ్గరే ఉండనీ," అని తెర ఆపేశాడు.

పై వారం ఆ ఈటీఎఫ్ ఇంకా పెరిగింది. బావమరిది ఊరుకుంటాడా? ఫోను చేశాడు.

"కడుపు మండుతోందా బావా?"

"కొంచెం."

"ఆ రోజే కొనేసుంటే సరిపోయేదిగా!"

"పెరిగితే పెరగనీరా. గీత చెప్పింది విని ఆగాను. నేను చెప్పించింది విని కొనుంటే, దిగేటప్పుడు ఎవర్ని అడిగేవాణ్ణి?"

రెండు నెలలకు గది ఖాళీ అయింది. అడ్వాన్సు కట్టేసి, గోడలకు రంగు ఎంచుకోవడానికి భార్య షాపుకొచ్చింది. బల్బు కింద లేత పసుపు చూసి మురిసిపోయింది.

"ఇదే. ఇంకేం చూపించొద్దు."

ఆయన ఆ రంగు పూసిన చెక్కముక్క తీసుకుని గడప వైపు నడిచాడు. ఆమె విసుక్కుంటూ వెంట వచ్చి, వెలుగులో ఒక్కసారి చూసింది.

"ఛీ, ఇదా!"

"పద, ఇంకోటి కలుపుతాను," అన్నాడు.