మేకలకోట రాజ్యం

గురజాలలో దూదేకుల మౌలాలీకి బొమ్మలు గీయడం రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఎక్కడో యుద్ధం జరుగుతూ ఊళ్లో కిరసనాయిలు దొరకని ఆ రోజుల్లో, ఏడేళ్ల కూతురు హసీనా ప్రహరీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. రాకపోయినా, మంచాన పడ్డ పిల్ల ఏడుపు చూడలేక మౌలాలీ పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి, ఎదురుగోడ మీద గుర్రమెక్కిన రాజును గీశాడు.

హసీనా కళ్లు తుడుచుకుంది. "నాయనా, అది మేక గదా?"

మౌలాలీ వెనక్కి జరిగి చూశాడు. చెవులు గీయబోతే కొమ్ములయ్యాయి. "మేకేనే. ఆ రాజ్యంలో రాజులు మేకలే ఎక్కుతారు" అన్నాడు తడుముకోకుండా.

"ఎందుకని?"

"కోట చానా ఎత్తు కొండ మీదుంది. గుర్రం ఎక్కుద్దా ఏంది?"

అలా పుట్టింది మేకలకోట రాజ్యం. రోజూ పని నుంచి రాగానే, ఒంటికంటిన దూదయినా దులుపుకోకుండా గోడ ముందు కూర్చునేవాడు. బురుజు వంకరపోతే గాలికి వంగిందనేవాడు. సేనాపతి పొట్ట లావైపోతే, శత్రువుల అన్నమంతా తనే తినేసి వాళ్లను ఓడించాడని చెప్పేవాడు. హసీనా కాలినొప్పి మరిచి పడీపడీ నవ్వేది. భార్య సైదాబీ "ఇంటిగలామె చూసిందంటే మన సామాను బజార్లో ఉంటది" అని గొణుగుతూనే మంచి బొగ్గులు ఏరి పక్కన పెట్టేది.

ఒకనాడు ఇంటిగలామె వీరరాఘవమ్మ రానే వచ్చింది. "ఏంది మౌలాలీ ఈ గోడ! మొన్నేగా సున్నం కొట్టిచ్చింది?"

మౌలాలీ చేతిలోని బొగ్గుముక్కను వీపు వెనక దాచుకున్నాడు.

"కూచో పెద్దమ్మా, చెప్తా" అంది హసీనా.

ఆమె విసుగ్గానే కూర్చుంది. కథ సేనాపతి దాకా వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచేటప్పుడు మాత్రం "పిల్ల నడిచినాక సున్నం నువ్వే కొట్టాల" అని గట్టిగా చెప్పి వెళ్లింది.

చలి మొదలవగానే పరుపులకు గిరాకీ వచ్చింది. మౌలాలీ దూదేకే విల్లు భుజాన వేసుకుని మాచర్ల వైపు ఊళ్లకు పోక తప్పలేదు. ఎక్కడ పడుకున్నా పిల్లే కళ్లలో మెదిలేది.

తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. హసీనా గోడ పట్టుకుని నిలబడి ఉంది. చేతులనిండా బొగ్గు. గోడ మీద ప్రజలంతా కోట దిగి, దారి వైపు చూస్తూ కూర్చున్నారు. రాజు లేడు.

"రాజేడమ్మా?"

"ఊరెళ్లాడు. ఆయనొచ్చేదాకా ఎవ్వరూ అన్నం తినరంట."

"మరి నువ్వు తిన్నావా?"

హసీనా తల దించుకుంది. "ఏడ తింటది? రెండు ముద్దలు తిని లేస్తది" అంది సైదాబీ లోపల్నుంచి.

మౌలాలీ విల్లు కింద పెట్టి చేతులు చాచాడు. హసీనా గోడ వదిలేసి, తడబడుతూ అడుగులేసుకుంటూ వచ్చి మెడకు చుట్టుకుంది. అతని తెల్లచొక్కా వీపంతా బొగ్గు మరకలయింది. ఆ పూట తండ్రీకూతుళ్లు ఒకే పళ్లెంలో తిన్నారు. సైదాబీ అడక్కుండానే మారు వడ్డించింది.