బ్రేకు పడే చోటు

పదకొండో స్థానం! పోనీ బరిలో పెద్ద గుంపేమన్నా ఉందా అంటే, బయల్దేరిన బళ్ళే పద్నాలుగు. అందులో రెండు సగంలో చెడిపోయి పక్కకి వెళ్ళిపోయాయి. అంటే వీళ్ళ వెనక మిగిలింది ఒకే ఒక్క బండి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ బరిలోకి దిగుతున్న ఛాంపియన్ అంటూ వారం ముందునుంచీ ఊదరగొట్టిన మైకువాడు, వీళ్ళు గీత దాటే సమయానికి ఎవరిదో పోయిన తాళంచెవి గురించి చెబుతున్నాడు.

బండి ఆగీ ఆగగానే ఛాంపియన్ హెల్మెట్ ఊడబీకి తన బావమరిది మీద పడ్డాడు.

"ఏరా, వెనకాల నిద్రపోతున్నావా? ప్రతి మలుపులోనూ తడబాటే! నువ్వెప్పుడు కదులుతావా అని కాచుక్కూచోవడానికా నేను బండెక్కింది?"

చుట్టూ జనం. ఎవరో ఫోన్ ఎత్తి ఫొటో కూడా తీస్తున్నారు. బావమరిది బండి వెనక పలక మీదనుంచి మెల్లగా లేచి, ఇనుపకడ్డీలు బిగించిన ఎడమకాలు ముందు కింద పెట్టి దిగాడు. అతన్ని అందరూ మూట అని పిలుస్తారు. తొలి ఏడాది బావ, "వెనకాల నాకు మూట చాలు, మనిషి అక్కర్లేదు" అని ఏదో మాటవరసకి అంటే, మెకానిక్ ఆ ముక్క పట్టుకుని పేరు పెట్టేశాడు. ఆ పేరు అతుక్కుపోయింది.

ఈ పందెం ఎరగనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఇది మూడు చక్రాల బండి. నడిపేవాడు ముందు మోకాళ్ళ మీద వంగి, పొట్ట బండికి ఆనించి పోతుంటాడు. అతని వెనకా పక్కనా నేలకి జానెడెత్తున ఒక పలక ఉంటుంది. దాని మీద రెండోవాడు. కుడి మలుపు వస్తే ఓ పక్కకి, ఎడమ మలుపు వస్తే ఇంకో పక్కకి ఒళ్ళంతా బయటికి వేలాడేసి, బండి పల్టీ కొట్టకుండా చూడడం వాడి పని. వాడికి రోడ్డు సగమే కనబడుతుంది. ముందున్నవాడికి వీడు అసలే కనబడడు. ముందువాడు బ్రేకు ఎక్కడ వేస్తాడో వెనకవాడి ఎముకలకి తెలిసి ఉండాలి, అంతే. మాటా మంతీ ఏమీ ఉండవు.

మూట ఎముకలకి అన్నీ తెలుసు. అందుకే ఒళ్ళు మండిపోతోంది. తడబడింది అతను కాదు. ప్రతి మలుపులోనూ బావ బ్రేకు ముందే వేశాడు. కొద్దిగా కాదు, ఒక బస్సు పొడవు ముందు. ఇన్నేళ్ళూ బ్రేకు పడే పాతచోటికి సిద్ధమైన ఒళ్ళు గాలిలో ఉండగానే బ్రేకు పడితే ఎవడు తడబడడు? ఆ సంగతి అక్కడే, అందరిముందూ కడిగేయవచ్చు. కానీ ఆరు కప్పులు గెలిచిన మనిషిని, పైగా అక్క మొగుణ్ణి, నడిబజారులో పట్టుకుని నీకు భయం వేస్తోంది అని ఎలా అనడం? మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

అసలీ మూడేళ్ళ కథ కూడా జనానికి తలకిందులుగానే తెలుసు. ఛాంపియన్ మానేశాడని పేపర్లవాళ్ళు రాశారు. ఆయన మానేయలేదు. మూడేళ్ళ కిందట ఒక ఎడమ మలుపులో పలక మీదనుంచి ఎగిరిపోయినవాడు మూట. తొడ విరిగింది, తుంటి చితికింది. ఛాంపియన్‌కి చిన్న గీత కూడా పడలేదు. వేరేవాణ్ణి ఎక్కించుకుని నడపమని ఎంతమంది చెప్పినా, "వాడు లేచాకే" అని భీష్మించుకుని కూర్చున్నాడు. మూట లేచాడు. రబ్బరు పట్టీ కట్టుకుని, పళ్ళు బిగించి, ఏడుస్తూ కాలు ఆడించి ఆడించి లేచాడు. లేచింది సంతకెళ్ళి కూరలు తేవడానికి కాదు, మళ్ళీ ఆ పలక ఎక్కడానికి. తీరా ఎక్కితే ఇదీ వరస.

పందెం మర్నాడు అక్క కబురు పెట్టింది. అక్కకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మూట వెళ్ళేసరికి ఎవరి అద్దాన్నో గుడ్డతో తుడుస్తోంది. అది అరిగిపోయేలా తుడుస్తోందంటేనే అతనికి విషయం అర్థమైంది.

"కూర్చో. మీ బావకి నువ్వే చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"తెలియనట్టు నటించకు. ఆపెయ్యమని. నేను చెబితే 'నీకేం తెలుసు బండి గురించి' అంటారు. మెకానిక్ చెబితే వాణ్ణి తన్నినంత పని చేశారట. నువ్వు వెనకాల ఉండేవాడివి. నీ మాట కాదనలేరు."

"అందరికీ నేనే దొరికానా అక్కా?"

"మరెవరు దొరుకుతారు? నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని బల్ల మీద వేలితో ఆ రోడ్డు గీస్తున్నారు. మెట్లు దిగాలంటే మోకాలు పట్టుకునే మనిషికి ఇంకా పందేలేమిటిరా? నవ్వుతున్నారు జనం."

బావ ఆపేస్తే తన పని కూడా అయిపోయినట్టే అని అక్కకి తట్టలేదు. తట్టకపోవడం కూడా సహజమే. మూటని ఇంకా ఆడతావా అని ఎవరడిగారు కనుక? కానీ అక్క చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది? భయపడేవాడు బండి నడిపితే ఏదో ఒకరోజు ఇద్దరూ పోతారు. బ్రేకు ముందు పడుతోందంటే భయం ఉన్నట్టే. సరే, చెబుతానన్నాడు.

మరుసటి వారం సాధనకి మళ్ళీ ఆ పందెం రోడ్డు దగ్గరికే వెళితే అక్కడ పెద్ద రభస. ఛాంపియన్ టైరుని తిడుతున్నాడు. టైరు అయ్యాక పెట్రోలుని, పెట్రోలు అయ్యాక మెకానిక్ తాతముత్తాతల్ని. మెకానిక్ ఇవేమీ చెవిన వేసుకోకుండా బ్రేకు వైరు బిగిస్తున్నాడు. కొంచెం ఎడంగా కంచెకి ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఏదో బడిలో వ్యాయామం నేర్పుతుంది. ఆటలో అందరూ టీచరమ్మ అంటారు. వేరే జట్టులో పలక మీద ఉండేది, ఆ జట్టు నడిపేవాడు మానేయడంతో ఖాళీగా తిరుగుతోంది. ఎక్కడైనా చోటుంటే చెప్పమని మెకానిక్‌ని అడగడానికి వచ్చింది.

మూట ఇంక నాన్చలేదు.

"బావా, తప్పు టైరుది కాదు. బ్రేకు నువ్వే ముందు వేస్తున్నావు. నీకు భయం వేస్తోంది."

మెకానిక్ చేతిలో పానా ఆగిపోయింది. ఛాంపియన్ మొహం ఎర్రబడింది, తర్వాత ఏ రంగూ లేకుండా పోయింది. కంచె వైపు తిరిగి, "టీచరమ్మా, హెల్మెట్ తెచ్చుకున్నావా? అయితే ఎక్కు," అన్నాడు.

ఇన్నేళ్ళలో తమ బండిని బయటినుంచి చూడడం మూటకి అదే మొదటిసారి. మూడో మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాడు. అదే చెడ్డ మలుపు, ఎడమకి గిర్రున తిరుగుతుంది. బండి వస్తోంది. గోడ మీద రంగు వెలిసిన చోటు ఉంది, మొన్న పందెంలో బ్రేకు పడింది దాని దగ్గరే. బండి ఆ చోటు దాటేసింది. ఇంకా పడలేదు. దీపస్తంభం దాటింది. అమ్మో, పోయారు! అనుకున్నాడో లేదో, బ్రేకు పడింది. పాతచోటే. బెత్తెడు తేడా లేదు. టీచరమ్మ భుజం నేలకి రాసుకుంటూ, మూడు చక్రాలూ రోడ్డుని కరుచుకుని, బండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"శభాష్ బావా!" అని అరిచేశాడు మూట. అరిచాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. అయితే ఆయనకి భయం లేదు. నేను ఎక్కితేనే భయమన్నమాట!

బండి తిరిగి రాగానే ఎదురెళ్ళాడు.

"టీచరమ్మా, కాస్త దిగు తల్లీ. బావా, ఇప్పుడు నన్ను తిప్పు."

"ఇంజను వేడెక్కింది."

"చల్లారాక తిప్పు. నేను ఇక్కడే ఉంటా."

"నీ కాలు…"

"నా కాలు సంగతి నాకు తెలుసు. ఒక్క చుట్టు. ఆవిడని ఎలా తిప్పావో అలాగే. నన్ను మూటనుకో. నువ్వే అన్నావుగా మూట చాలని."

ఛాంపియన్ మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ ఆకాశం వైపు చూశాడు. ఇంక తప్పించుకునే దారి లేక ఎక్కాడు.

మొదటి మలుపులో బ్రేకు ముందే పడింది. రెండోదాంట్లోనూ అంతే. మూడోది వస్తుంటే మూట కళ్ళు మూసుకున్నాడు. వెయ్యకు బావా, వెయ్యకు, నీకు దణ్ణం పెడతా వెయ్యకు అని గొణుక్కుంటున్నాడు. రంగు వెలిసిన చోటు రాకముందే బ్రేకు పడింది. బండి నీరసంగా మలుపు తిరిగి, కొంచెం దూరం దొర్లి, రోడ్డు పక్కన ఆగిపోయింది. ఛాంపియన్ ఇంజను ఆపి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"చెయ్యి వినడం లేదురా," అన్నాడు. "ఎంత చెప్పినా వినడం లేదు. మలుపు వస్తోందనగానే మీ అక్క గొంతు వినబడుతుంది. నువ్వు పడిన రోజు ఫోన్ చేసింది నేనే కదా. 'మా తమ్ముడు బతికే ఉన్నాడా' అంది. నాకు తెలీదు. అప్పటికి నాకే తెలీదు. ఏమీ చెప్పకుండా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను."

మూటకి అది విన్నా కోపం తగ్గలేదు.

"మరి పదిమందిలో నన్నెందుకు తిట్టావు?"

"ఇంకేం చెయ్యమంటావు? మా బావమరిదంటే నాకు ప్రాణం, అందుకే పదకొండో స్థానం వచ్చింది అని మైకులో చెప్పించమంటావా?"

ఇంకో సందర్భంలో అయితే ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళే. మూటకి నవ్వు రాలేదు. తొడ విరిగినప్పుడు కూడా ఇంత ఉక్రోషం రాలేదు. ఎవడో చేతకానివాడైతే తిట్టిపోయొచ్చు. పిరికివాడైతే జాలిపడొచ్చు. ప్రేమించి పాడుచేసేవాణ్ణి ఏం చేసుకుంటాం?

"నన్ను కాపాడమని ఎవడడిగాడు నిన్ను? చిన్నపిల్లాణ్ణా నేను?"

"సరే, అరవకు. ఆపేద్దాం," అన్నాడు ఛాంపియన్. "ఇద్దరం ఆపేద్దాం. మీ అక్క ప్రశాంతంగా ఉంటుంది. నాకూ మోకాళ్ళు లాగుతున్నాయి. మంచో చెడో నీతో మొదలుపెట్టాను, నీతోనే ముగిస్తాను."

అదే కదా అక్క చెప్పి రమ్మన్నది! తను అడక్కుండానే బావ నోటినుంచి వచ్చేసింది. ఊఁ అంటే చాలు, ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చు. జనం కూడా ఆహా, ఏం బంధం అంటారు. ఊఁ అందామనే నోరు తెరిచాడు. కానీ దీపస్తంభం దాటాక పడిన ఆ బ్రేకు చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. వినకపోయినా బాగుండేది. ఆ వయసులో ఆ చోట బ్రేకు వేయగలిగినవాడు ఇంకొకడు లేడు.

"నోరుముయ్యి బావా," అన్నాడు.

అలా అనడం అదే మొదటిసారి. ఛాంపియన్ తలెత్తి చూశాడు.

"మూడేళ్ళు నా కోసం ఆగావు. ఆ బరువే మొయ్యలేక చస్తున్నాను. ఇప్పుడు మొత్తం ఆపేసి అది కూడా నా నెత్తిన పెడతావా? రేపు ఎవడు గెలిచినా నువ్వు టీవీ ముందు కూర్చుని బల్ల మీద గీతలు గీస్తుంటే, అక్క నా మొహం చూస్తుంటే, నేను ఆ ఇంటికి ఎలా రావాలి? ఆవిణ్ణి ఎక్కించుకో. నడుపు."

"మీ అక్కకి ఏం చెప్పాలిరా?"

"నేను చెప్పుకుంటా. తిడుతుంది. తిట్టనీ."

పలక మీదనుంచి దిగాడు. ఈసారి ఏ కాలు ముందు పెట్టాడో అతనికే గుర్తులేదు. రోడ్డు వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, టీచరమ్మని పిలుచుకొచ్చాడు. దారిలో ఆవిడ ఏదో ఓదార్పుగా అనబోయింది. అతను వినలేదు.

"ఇదిగో చూడు, మూడో మలుపులో రోడ్డు వైపు చూడకు. చూశావంటే ముందే జరిగిపోతావు. ఇంక చచ్చాం అని నీకు గట్టిగా అనిపిస్తుంది. అనిపించాక ఒక్క క్షణం ఆగు. అప్పుడు వేస్తాడు. అప్పుడు జరుగు."

"ఒకవేళ వెయ్యకపోతే?" అంది టీచరమ్మ.

"వేస్తాడు," అన్నాడు మూట.

టీచరమ్మ పలక ఎక్కింది. కడ్డీ ఎక్కడ పట్టుకోవాలో చూపించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ముక్క ఆవిడకి తెలుసు. కుళ్ళు పుట్టింది. లేదని ఎందుకు అబద్ధమాడాలి? పుండు మీద కారం చల్లినట్టు మండింది.

ఛాంపియన్ హెల్మెట్ పెట్టుకోబోయి ఆగాడు.

"మరి నువ్వేం చేస్తావురా?"

"నేనా? కంచె దగ్గర నిలబడి నిన్ను తిడతా. ఇన్నేళ్ళూ హెల్మెట్‌లో తిట్టాను. ఇంక హాయిగా నోరు తెరిచి తిడతా. పో!"

ఇంజను అందుకుంది. బండి ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టులో వేగం పుంజుకుని మూడో మలుపు వైపు దూసుకొచ్చింది. రంగు వెలిసిన చోటు దాటింది. దీపస్తంభం దాటింది. బ్రేకు పడలేదు. వెయ్యి బావా, వెయ్యి అని అతని ఒళ్ళు తనంతట తనే ఎడమకి వంగిపోయింది. పాతచోటు వచ్చింది. అప్పుడు పడింది. మూట కంచె పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, గొంతు చించుకుని బావని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ మోతలో ఆయనకి ఒక్క ముక్క కూడా వినబడి ఉండదు.