సగువారో చోట అత్తగారు

సెర్రో రోహో జలాశయం అడుగు కళ్ళంలా నున్నగా ఉంటుంది. ఎడారిని ముంచి కట్టిన చెరువు మరి! చేప నిలవాలంటే నీడ ఉండాలి. అందుకే అక్కడి జాలర్లు పండగయ్యాక జనం పారేసిన క్రిస్మస్ చెట్లు ఏరుకొచ్చి, సిమెంటు దిమ్మలు కట్టి నీళ్ళలో ముంచుతారు. ఎక్కడ ముంచారో కన్నతల్లికి కూడా చెప్పరు. జాలరి రమీరో సరిగ్గా అలాగే చేశాడు. చనిపోయేముందు ఆ చోటు పెళ్ళాం నీవెస్‌కు చెప్పాడు, తల్లి యులాలియాకు చెప్పలేదు. ముసలమ్మ కడుపుమంటంతా అదే.

ఏడాదిగా నీవెస్ మొగుడి పడవ వేసుకుని వెళ్ళడం, ఒట్టి చేతులతో రావడం. పడవ మాత్రం అత్త పేరు మీదే ఉంది.

"చేతకాని వేటకి పడవెందుకే? ఇవాళ కూడా చేప లేకుండా వచ్చావంటే సాయంత్రం ఆ పడవల బేరగాడు డ్వైట్‌కి అమ్మేస్తా," అంది అత్త. అనడమే కాదు, రేవులో కుర్చీ వేసుకుని కూర్చుంది.

నీవెస్ పడవను నీళ్ళలోకి తోసింది. రమీరోది అంటూ మిగిలింది ఆ పడవొక్కటే.

అతను చెప్పిన గుర్తులు రెండు. ఒకవైపు ఆనకట్ట బురుజూ, రేవు దీపస్తంభమూ ఒకే వరసలోకి రావాలి. అది కుదిరేది. రెండోవైపు గుట్ట మీద చేతులెత్తిన మనిషిలా నిలబడే సగువారో జెముడు, వెనకున్న ఎర్రకొండ చీలికకు ఎదురుగా రావాలి. ఆ సగువారో కాస్తా, రమీరో పోయిన నెలకే గాలివానకు కూలిపోయింది. దాని మొదట్లో కర్ర పాతి చూసింది, అంత దూరానికి కనపడలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరగడమే అయింది.

మధ్యాహ్నానికి ఇక లాభం లేదని పడవను గట్టుకు తిప్పింది.

"అత్తా! ఆ కూలిన సగువారో దగ్గరికెళ్ళి చేతులెత్తి నిలబడు!"

"నాకేం పిచ్చి పట్టిందనుకున్నావా?"

"నీ కొడుకు చెట్లు ముంచిన చోటుకి గుర్తదే. చెప్పలేదు చెప్పలేదని నన్ను దెప్పావుగా? ఇదిగో, చెప్పేశా!"

అత్త కుర్చీలోంచి లేచింది. గొడుగు అవతల పారేసి, ఆయాసపడుతూ గుట్టెక్కింది. ఆకుపచ్చ గౌను, భారీ మనిషి, ఆకాశంలోకి రెండు చేతులు. ఓరి దేవుడా, అచ్చం సగువారోయే!

నీవెస్ బురుజు వరసలోనే పడవను జరుపుకుంటూ, ఆమెను ఎర్రకొండ చీలికకు ఎదురుగా తెచ్చుకుని గాలం వేసింది. గాలం మునిగిన చెట్టు కొమ్మకు చిక్కుకుంది. ఇంకొకరైతే తిట్టుకునేవారు. ఈమె మాత్రం కళ్ళ నీళ్ళతో పకపకా నవ్వింది.

రెండోసారి వేయగానే బుడుంగున లాగింది. గెడ విల్లులా వంగింది. నీవెస్ పళ్ళు బిగించి చుట్టింది, వదిలింది, మళ్ళీ చుట్టింది. చివరికి తొడంత బాస్ చేప పడవలో పడి తోకతో టపటపా కొట్టింది.

"పడిందత్తా! ఇక చేతులు దించు!"

"దించను పోవే! ఇంకోటి పట్టు!"

పెట్టె నిండేదాకా ముసలమ్మ చేతులు దించలేదు. సాయంత్రం డ్వైట్ బండి తెచ్చి రేవులో పెట్టాడు.

"పడవ తీసుకెళ్ళనా, యులాలియా?"

"ఏ పడవయ్యా?" అత్త నొప్పెడుతున్న భుజాలు రుద్దుకుంటూ కసురుకుంది. "దారికడ్డం లే! పొద్దున్నే నా కోడలికీ నాకూ వేటుంది."