మణికట్టు మీద లేని సిలువ

పెళ్లై నెల తిరక్కుండానే నర్దీన్‌కు ఆ ఇంట్లో అన్నీ ముద్దొచ్చేశాయి. మొగుడు హబీల్ గురకతో సహా. పొద్దున్నే డాబా ఎక్కి, రొట్టెల పిండిముద్దలను మట్టి పళ్లేల మీద పేర్చి ఎండకు పెట్టడం, అవి బద్ధకంగా పొంగుతుంటే కూర్చుని చూడటం మరీ ఇష్టం. ఈజిప్టులోని ఆ మిన్యా ఊరి ఎండకు పిండితోపాటు తన మనసూ పొంగుతోందని ఆమె మొగుడితో అంటే, "అయితే నిన్నూ పొయ్యిలో పెట్టాలా?" అన్నాడు. ఆ ముక్కకే పూటంతా నవ్వుకుంది.

ముఫీదా తేతా చేతిని ఆ డాబా మీదే చూసింది. తేతా హబీల్‌కు నానమ్మ. ఎంత ఉక్కపోసినా మణికట్లు కప్పే నల్ల గౌనే వేసుకునేది. ఆ రోజు పిండి అంటుకుంటోందని ఏమరుపాటున గౌను కుడి చెయ్యి పైకి మడిచింది. ఆ వీధిలో క్రైస్తవుడన్న ప్రతివాడికీ కుడి మణికట్టు మీద సిలువ పచ్చబొట్టు ఉంటుంది. చంటితనంలోనే పొడిపిస్తారు. తేతాకు ఆ చోట ముడతలు పడి మెరుస్తున్న కాలిన మచ్చ ఉంది.

"ఇదేంటి తేతా?"

"సబ్బు కాచే సోడా."

"అయ్యో, ఒలికిందా?"

"ఒలకలేదే పెళ్లికూతురా. నేనే పోసుకున్నా."

పిండిముద్దలు సర్దుతూనే చెప్పింది. మొగుడు పోయాడు. చంకలో హబీల్ తండ్రి ఆకలికి ఏడుస్తున్నాడు. ఒక ఇంట్లో వంటమనిషి కావాలన్నారు గానీ, ఆ గుర్తున్న చెయ్యి తన వంటలో పెట్టనివ్వనంది ఆ ఇంటావిడ. సోడా డబ్బా అందుబాటులో ఉంది.

"బిడ్డ బతికాడు. నేనే ప్రభువుకు కాకుండా పోయాను."

అప్పటినుంచి తేతా చర్చిలో నోటికందించే ప్రభు సంస్కారపు రొట్టె తీసుకోలేదు. చర్చి ఫాదరీ అబూనా ఆమె పాపపు ఒప్పుకోలు విని, తల మీద చెయ్యి పెట్టి, క్షమాపణ ప్రార్థన ఎప్పుడో చదివేశాడు. "ఆయన చదివాడు. నాకే ఎక్కలేదు" అంది తేతా. తర్వాత్తర్వాత చర్చి గేట్ల దగ్గర కాపలా పెట్టి, కొత్తవాళ్లను మణికట్టు చూసి లోపలికి పంపడం మొదలయ్యాక గుమ్మం తొక్కడమే మానేసింది.

"కిందున్న గుమ్మంలోనే చెయ్యి చూపించమంటున్నారు. పైనున్న గుమ్మంలో చూడకుండా వదులుతారటే?"

"పరలోకానికి కాపలావాడున్నాడని మీకెవరు చెప్పారు?"

"నేనే చెప్పాను" అంటూ మెట్లెక్కి వచ్చింది ఇన్సాఫ్ అత్త. తేతా కూతురు, హబీల్‌కు మేనత్త, కింది వాటాలో ఉంటుంది. "మనుషుల ముందు నన్ను కాదన్నవాణ్ని నేనూ కాదంటానని ప్రభువే అన్నాడు. నీ కాలేజీ చదువులో చెప్పలేదా?"

నర్దీన్ ఒంట్లో నెత్తురు సర్రున పొంగింది. "పేతురు కాదనలేదా అత్తా? తెల్లారేలోపు మూడుసార్లు! అతన్ని ఏం చేశాడు ప్రభువు? ఒడ్డున కూర్చోబెట్టి, చేపలు కాల్చి తినిపించాడు."

"పేతురు ఏడ్చాడమ్మా."

"ఈవిడ ఇన్నేళ్లూ నవ్విందా?"

"నిన్నగాక మొన్న కాలు పెట్టింది, అప్పుడే ప్రసంగాలు!" ఇన్సాఫ్ విసురుగా అంది. కానీ ఆమె చూపు మాత్రం తల్లి చేతి మీద నుంచి కదల్లేదు. ఆ చూపులో ఉన్నది కోపం కాదు, భయం. నర్దీన్‌కు అది ఇంకా ఒళ్లు మండించింది.

"తేతా, మీ చేతి మీది గుర్తు మీరు కాల్చుకున్నారు. సరే. ఆయన చేతుల్లో మేకుల గుర్తులున్నాయే, వాటినెవరు కాల్చారు? ఏ సోడాతో?"

తేతా గౌను చెయ్యి కిందికి లాక్కుంది. పండగ ముందు రోజు మాత్రం, అందరూ మరియమ్మ తిరునాళ్లకు సర్దుకుంటుంటే, "కొండ మీది మఠానికి నేనూ వస్తా" అంది. హబీల్ చేతిలోని చెప్పు కింద పడింది.

పొద్దున్నే కొండంతా దుమ్ము, డప్పులు, వేయించిన శనగల వాసన. సంస్కారం తీసుకునేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు కాబట్టి నర్దీన్ ఆ వాసననే గుండెనిండా పీల్చి, మొగుడి చిటికెన వేలు పట్టుకుని గంతులేస్తోంది. అంతలో ఇన్సాఫ్ తల్లిని పచ్చబొట్టు వేసేవాడి గుడారంలోకి లాక్కుపోయింది. నర్దీన్ పరుగెత్తి వెళ్లేసరికి తేతా పీట మీద కూర్చుని ఉంది. సూది మిషను బుర్రుమంటోంది.

"మచ్చ పక్కన చిన్న సిలువ వెయ్యి నాయనా" అంటోంది ఇన్సాఫ్. "అమ్మా, ఇక నిన్నెవరూ ఆపరు. నెత్తురొస్తుంది కాబట్టి ఇవాళ సంస్కారం కుదరదు. మానాక వచ్చేవారం తీసుకుందువు."

"వచ్చేవారమా?" అంది తేతా.

"ఇన్నేళ్లు ఆగావు, ఒక్క వారం ఆగలేవా?"

నర్దీన్ నోరు తెరిచింది. ఆమె మాట రాకముందే తేతా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మిషను ఆపు నాయనా. ఇన్సాఫూ, ఈ సిరా చూపించి లోపలికెళ్తే, సిరా వల్ల వెళ్లినట్టవుతుందే. నాకొద్దు. ఎలా ఉన్నానో అలాగే పోతా. వద్దంటే ఆయన్నే ఎదురొచ్చి చెప్పమను."

గేటు దగ్గర కాపలా ఉన్నతను తేతాను ఎరగడు. "చెయ్యి చూపించమ్మా."

"మా మనిషే బాబూ, వదిలెయ్" అని ఇన్సాఫ్ గొణిగింది. హబీల్ ఏదో అనబోతే నర్దీన్ మొగుడి చెయ్యి నొక్కింది.

తేతా గౌను చెయ్యి మోచేతిదాకా మడిచి, మచ్చను అతని ముక్కు కింద పెట్టింది.

"సిలువ ఇక్కడుండేది. నేను చెరిపేశాను. ఆయన నన్ను చెరపలేదు. తప్పుకో నాయనా, ప్రార్థన మొదలైపోయింది."

వెనక జనం తోసుకుంటున్నారు. అతను ఆ మచ్చను చూశాడు, ఆమె ముఖం చూశాడు. పక్కకు జరిగాడు. నర్దీన్‌కు కేక పెట్టాలనిపించి, తలమీది ముసుగు కొంగు నోట్లో కుక్కుకుంది.

సంస్కారం వేళ తేతా ఆడవాళ్ల వరుసలో అందరికన్నా ముందు నిలబడింది. అబూనా ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, ప్రభువు రొట్టెను ఆమె నోట్లో ఉంచాడు. రొట్టె తునక జారకుండా తెల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఆమె తిరిగొస్తుంటే, ఇన్సాఫ్ కళ్లు తుడుచుకుంటూ, "చెయ్యి కప్పుకో అమ్మా, అందరూ చూస్తున్నారు" అని గుసగుసలాడింది.

నోట్లో ప్రభువు ఉన్నాడు కనుక తేతా మాట్లాడలేదు. నోటి గుడ్డను ఎడమ చేతికి మార్చుకుని, గౌను మడత విప్పని ఆ కుడి చేత్తోనే, అందరూ చూస్తుండగా, కూతురి చెంప నిమిరింది.