నంబరు పైనే ఉండాలి

అనకాపల్లి మెయిన్ రోడ్డులో, మందుల షాపు మేడ మీద, రెండు కంప్యూటర్లున్న గదిలో సువార్త వెబ్‌సైట్లు తయారుచేసేది. భర్త రత్నరాజు చనిపోయిన నెలకే తిరిగి పనిలోకి వచ్చింది. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు, తనకు మాత్రం ఏడుపు రావడం లేదు. ఇక్కడ మౌస్ కదిపితే తెర మీద బాణం కదులుతోంది. అది చాలనిపించింది.

చర్చి యువజన సంఘం పెద్ద జాకబ్ వచ్చి, రక్తదాతల కోసం ఓ సైటు కావాలన్నాడు. సువార్త చేసి చూపించింది. తెల్లని పేజీ. అన్నిటికన్నా పైన, పెద్ద నల్లని అక్షరాల్లో సంఘం ఫోన్ నంబరు. కింద రక్తం గ్రూపులు. ఏ గ్రూపు నొక్కితే ఆ దాతల పేర్లు, ఊళ్లు వస్తాయి.

జాకబ్ చాలాసేపు చూశాడు.

"ఏటమ్మా, ఇంత బోసిగా ఉంది? ముందు గుండె కొట్టుకుంటున్నట్టు బొమ్మ రావాలి. ఎనకాల పాట ఉండాలి. సూసినోళ్లకి మనసు కదలాలి కదా."

"దీన్ని తెరిసేది కంగారులో ఉన్నోళ్లు అన్నియ్యా. ఆళ్లకి పాటెందుకు?"

"అయినా కొంచెం అందం..."

"మా ఆయనకి బీ నెగటివ్ రక్తం కావాలన్నారు," అంది సువార్త, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆస్పత్రి ఎదురుగా నెట్ సెంటర్‌కి ఎల్లేను. ఏదో ఊరోళ్ల రక్తదాతల సైటు దొరికింది. ముందు గుండె బొమ్మ తిరిగింది. అది అవడానికే బోలెడు సేపు. తరవాత ఎర్ర రంగు మీద పసుపు అచ్చరాలు. నంబరెక్కడుందో తెలీలేదు. రోజూ ఇదే పని సేసేదాన్ని, నాకే దొరకలేదు. ఆఖరికి 'మా ప్రేమబంధం' అన్న మాట నొక్కితే వచ్చింది. ఫోన్ సేత్తే రక్తం ఇచ్చే అబ్బాయి ఎంటనే వచ్చేడు పాపం. అప్పటికే అంతా అయిపోయింది."

జాకబ్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ముందే దొరికుంటే..."

"తెలీదు. డాక్టరు కూడా ఏటీ సెప్పలేదు."

సువార్త, కింద షాపులో మందులు కొంటున్న జాకబ్ తల్లి చిన్నమ్మలును పైకి పిలిపించింది. ఆవిడ బైబిలు చదువుతుంది గాని కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు.

"పెద్దమ్మా, ఇంట్లో ఎవరికో రక్తం కావాలనుకో. ఇది సూసి ఏటి సేత్తావు?"

"అలాంటి మాటలు అనకే," అని చిన్నమ్మలు కళ్లజోడు సర్దుకుని, నంబరు మీద వేలు పెట్టింది. "దీనికి ఫోన్ సేత్తాను. ఇంకేటి సేత్తారు?"

జాకబ్ ఇక పాట మాట ఎత్తలేదు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "రోలుగుంటలో ఓ అమ్మాయికి కాన్పు కష్టమైందంట. మన సైటు సూసి ఫోన్ సేసేరు. రక్తం అందింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నీకు సెప్పమన్నారు."

సంతోషం వస్తుందేమోనని సువార్త చూసింది. పోనీ, ఏడుపైనా వస్తుందేమోనని చూసింది. ఏదీ రాలేదు.

"పేజీ ఎంటనే తెరుసుకుందో లేదో అడిగేరా?"

"లేదమ్మా."

"అడగండి అన్నియ్యా. గ్రూపుల బటన్లు ఇంకొంచెం పెద్దవి సేత్తాను. సేతులు వణుకుతుంటే సరిగ్గా నొక్కలేం."

జాకబ్ సరేనని మెట్లు దిగి వెళ్లిపోయాడు. సువార్త ఆ సాయంత్రమే బటన్లు మార్చి పెట్టింది.