దీర్ఘం

మెట్లు కడిగిన మురికినీళ్ళను చీపురుతో కాలవలోకి తోసి, ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఎదురుగా ముసుగు కప్పిన కొత్త రాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లున్న పాత రాయిని పోయిన వారమే పీకేశారు. ఆ పేర్లలో ఆమె తమ్ముడిదీ ఒకటి. తమ్ముడు పోయాక జాలిపడి ఆమెకి ఉద్యోగం ఇచ్చారు. ఏం ఉద్యోగం? ఆ పేరు మీద పడ్డ పావురాల రెట్ట గీకే ఉద్యోగం. అంతకన్నా గౌరవం ఇంకేం కావాలి!

ఆ పేరులో ఒక దీర్ఘం లేదు. చెక్కినవాడు మరిచిపోయాడు. చూడవలసినవాడు చూడలేదు. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచిన ఆమెకి మాత్రం మొదటిరోజే కళ్ళలో కారం పడ్డట్టయింది. మాటలొచ్చే వయసులో వాడు కూడా ఆ దీర్ఘాన్ని మింగేసేవాడు. "సాగదీసి చెప్పరా వెధవా" అని తొడ గిల్లి మరీ నేర్పింది. పొద్దుగూకి అన్నానికి పిలిస్తే, ఆ దీర్ఘమే సందు చివరిదాకా వెళ్ళేది. ఆటలో ఉన్నవాడు "వస్తున్నానే అక్కా!" అని అక్కడినుంచే అరిచేవాడు. దీర్ఘం తీసేస్తే ఇంకెవడి పేరో అది. వాడు పలికేవాడు కాదు.

అందుకే రోజూ పొద్దున రాయి తుడిచాక సుద్దముక్కతో తనే దీర్ఘం పెట్టేది. మర్నాడు తన చేత్తోనే తుడిచేది, ఉద్యోగం మరి. మళ్ళీ పెట్టేది. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. ఆఫీసరు నీళ్ళు నమిలేవాడు. "ఎవరో తెలుస్తూనే ఉందిగా అమ్మా. కొత్త రాయి వేసేటప్పుడు చూద్దాంలే."

ఇదిగో, ఆ కొత్త రాయి.

"ఏంటక్కా, ముసుగు తియ్యకుండానే చదివేస్తావా ఏంటి?" గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ నవ్వాడు.

"చదవక్కర్లేదు. తడిమితే చాలు, తెలిసిపోద్ది."

"తడమకు తల్లీ. నీతోపాటు నా ఉద్యోగమూ పోతుంది."

ఆమె తడమలేదు. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో గంట ఆగలేదా?

రాయిని ఆవిష్కరించే పెద్దమనిషి వచ్చాడు. ఆమెను జనం వెనక, నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడమన్నారు. ముసుగు లాగారు, చప్పట్లు కొట్టారు. ఆఫీసరు రాయి చూస్తూ మైకులో పేర్లు చదివాడు. తమ్ముడి వంతు వచ్చింది. పేరు పొట్టిగా వచ్చి పొట్టిగా పోయింది. ఆ తర్వాత అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఏడాది పొడుగునా పాటిస్తున్నది మాత్రం ఇంకేమిటి?

జనం వెళ్ళిపోయాక రాయి దగ్గరికి వచ్చింది. పాత రాయిని చూసి తప్పుతో సహా దించేశారు. అన్నిటికన్నా పైన, ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు ఉంది. బంగారు రంగు, నాలుగింతల అక్షరాలు. అందులో దీర్ఘాలు, వత్తులు, సున్నలు పొల్లుపోకుండా ఉన్నాయి. ఆయన చావలేదు, యుద్ధం ముఖమైనా చూడలేదు. ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది.

నడుము దగ్గర దోపుకున్న సుద్దముక్క తీసి గీసింది. నున్నటి నల్లరాయి మీద సుద్ద జారిపోయింది. ఎంత నొక్కినా గీత పడలేదు. ఇన్నాళ్ళూ ఆ కాస్త సుద్దగీతైనా ఉండేది. ఇప్పుడు అదీ లేకుండా చేశారు.

రాయి బిగించిన మేస్త్రీ తన సంచీ అక్కడే వదిలి భోజనానికి వెళ్ళాడు. ఆమె అందులోంచి ఉలి, సుత్తి తీసింది. మొదటి దెబ్బకి ఉలి జారి బొటనవేలు చీరుకుపోయింది. రెండో దెబ్బకి చిన్న పెచ్చు లేచింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు.

చప్పుడు విని ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్! మతి పోయిందా నీకు? అది అమరవీరుల రాయి!"

"ఆ వీరుడి పేరే రాస్తున్నా సార్."

"రాయడానికి నువ్వెవరు?"

"ఆ పేరు పెట్టిందే నేను."

"ఉద్యోగం ఊడుతుంది, చూస్కో!"

ఆమె నోటితో ఊది దుమ్ము పోగొట్టి, ఇంకో దెబ్బ వేసింది. అప్పుడు ఉలి దించి, కొంగుముడి విప్పి, స్టోరుగది తాళంచెవి ఆయనకిచ్చింది. దానికి అంటిన నెత్తురు చూసి ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తాళంచెవి కింద పడింది. ఆమె వంగి తియ్యలేదు.

"చీపురు మూలనుంది. ఇక మీరే ఊడ్చుకోండి."

గేటు దాటబోతూ వెనక్కి తిరిగి, గొంతు చించుకుని తమ్ముణ్ణి పిలిచింది. దీర్ఘం వీధి చివరిదాకా వెళ్ళింది. "వస్తున్నానే" అని ఎవరూ అనలేదు. కాసేపు నిలబడి చూసి, ఎడంపక్కకి తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

సాయంత్రం దీపాలు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ రాయి ముందు ఆగాడు. ఆ ఒక్క దీర్ఘం వంకరగా, మిగతా అక్షరాలకన్నా లోతుగా ఉంది. దానికి సూటిగా కింద, రాతి అంచుమీద, వేలెడైనా లేని సుద్దముక్క, ఒక పక్క బాగా అరిగిపోయి ఉంది.